ప్రతి పెట్టె ఒకసారి తెరవండి

పిల్లలూ, మన విద్యాలయంలో 'బదిలీ' అనే మాటకు ఎవరికీ అర్థం చెప్పనక్కరలేదు. ఒకటో తరగతి పిల్లవాడిని అడిగినా చెబుతాడు. నాన్నకు ఆర్డరు వస్తుంది. అమ్మ అట్టపెట్టెలు తెప్పిస్తుంది. ఆఫీసులో టీసీ తీసుకుంటాం. లారీ వస్తుంది. కొత్త ఊళ్లో మొదటి రాత్రి అందరం చాపల మీద పడుకుంటాం. మర్నాడు పొద్దున్నే పళ్లు తోముకుందామంటే బ్రష్షులు ఏ పెట్టెలో ఉన్నాయో ఎవరికీ తెలియదు!

మా ఇంట్లోనూ అంతే. తెలుగు పంతులమ్మ ఉద్యోగం కదా, తెలుగు ఊళ్లలోనే ఉంటారనుకుంటారు చాలామంది. మేము ఇప్పటికి ఐదు చోట్ల పనిచేశాం. అందులో తెలుగు నేల మీద ఉన్నది ఒక్కటే. మధ్యప్రదేశ్, పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ అన్నీ తిరిగి ఇక్కడికి వచ్చాం. పోయిన బదిలీకి మా సామాను లెక్కపెడితే 41 పెట్టెలయ్యాయి.

సర్దడం మాకు మొదట చేతకాలేదు. మొదటి బదిలీలో ఏ పెట్టెలో ఖాళీ ఉంటే అందులో ఏది పడితే అది కుక్కేశాం. కుక్కర్ విజిల్ నిఘంటువుల పెట్టెలో దొరికింది, అదీ మూడు వారాల తర్వాత. రెండో బదిలీకి గది ప్రకారం సర్దాం. కొంత నయం. మూడో బదిలీకి అసలు కిటుకు తెలిసింది. ఏ వస్తువు ఎప్పుడు కావాలో దాన్నిబట్టి సర్దాలి. స్టవ్వు, కుక్కరు, పోపులపెట్టె, మందులు, పాప యూనిఫాం ఒకటో నంబరు పెట్టెలో పెట్టాలి. అది లారీలో అందరికంటే చివర ఎక్కాలి, అన్నిటికంటే ముందు దిగాలి. ఉన్ని దుప్పట్లు, పెళ్లి ఆల్బమ్, పాత పుస్తకాలు అడుగున ఉన్నా పరవాలేదు.

ఇదంతా మా సొంత తెలివి అనుకున్నాం. కాదని పోయిన ఏడాది తెలిసింది.

ఒకరోజు బయాలజీ మేడమ్ సెలవు పెట్టారు. అరేంజ్‌మెంట్ పీరియడ్‌కు మమ్మల్ని పన్నెండో తరగతికి పంపారు. తెలుగు టీచరు వచ్చిందని పిల్లలు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. మీ పాఠం మీరే చదువుకోండి అన్నాం. బోర్డు మీద ముందురోజు పాఠం ఇంకా ఉంది, డీఎన్‌ఏ కేంద్రకంలో ఎలా సర్దుకుంటుందో చూపే బొమ్మ. ఒక అమ్మాయి దాన్ని కాసేపు చూసి, "మేడమ్, ఇది మా డాడీ పోస్టింగు సామానులా ఉంది కదా!" అంది. తరగతి అంతా నవ్వింది. వాళ్ల నాన్న సైన్యంలో ఉన్నారు. ఆ అమ్మాయికి మన విద్యాలయం ఎనిమిదో బడి. ఆ మాట హిందీలోనే అంది. కానీ వాళ్లది శ్రీకాకుళం జిల్లా అని మాకు తర్వాత తెలిసింది.

ఆ మాట మమ్మల్ని వదల్లేదు. మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో టీ తాగుతూ బయాలజీ మేడమ్‌ను అడిగాం. ఆవిడ ఓపికగా చెప్పారు. ఆవిడ ఇచ్చిన పుస్తకాలు కూడా చదివాం. అందులో మాకు అర్థమైనది మీకు చెబుతాం. తప్పుంటే ఆవిడ దిద్దారు కనుక భయపడకుండా చదవండి.

మన ఒంట్లో ఒక్కొక్క కణంలో ఉన్న డీఎన్‌ఏను విప్పి, ముక్కలన్నీ కొసకు కొస పెడితే పొడవు సుమారు 2 మీటర్లు. అంటే క్వార్టర్స్ తలుపు ఎత్తు. అది ఉండవలసిన చోటు కేంద్రకం. దాని అడ్డుకొలత సుమారు 6 మైక్రోమీటర్లు. ఒక మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఆరు భాగాలు. కంటికి ఆనని ఆ చోటులో తలుపంత పొడవు దారం!

ఇంత చిన్న కొలతలు మనసుకు పట్టవు కనుక అన్నిటినీ లక్ష రెట్లు పెంచి చూశాం. మీరూ నోటుపుస్తకంలో వేసి చూడండి. డీఎన్‌ఏ మందం 2 నానోమీటర్లు. లక్ష రెట్లు పెంచితే 0.2 మిల్లీమీటరు, అంటే సుమారుగా కుట్టుదారం. పొడవు 200 కిలోమీటర్లు అవుతుంది. కేంద్రకం 60 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గుండ్రటి గాబు అవుతుంది. 200 కిలోమీటర్ల కుట్టుదారాన్ని ఆ గాబులో పెట్టాలి.

ఇక్కడ మాకు ఒక ఆశ్చర్యం ఎదురైంది. ఆ దారం మొత్తం ఘనపరిమాణం లెక్కవేస్తే ఆరు లీటర్లకు కాస్త ఎక్కువ. గాబులో వంద లీటర్లకు పైగా పడుతుంది. అంటే చోటు బోలెడంత ఉంది! మరి కష్టమెక్కడ? 200 కిలోమీటర్ల దారాన్ని గాబులో పడేయడం ఎవరికైనా వస్తుంది. రేపు పొద్దున అందులో సరిగ్గా 137వ కిలోమీటరు దగ్గరి గజం ముక్క కావాలంటే, చిక్కుపడకుండా తీసి చూసి మళ్లీ అక్కడే పెట్టాలి. అదీ కష్టం. గాలిపటం దారం చిక్కుపడ్డప్పుడు మీరు ఎంత అవస్థ పడతారో గుర్తు తెచ్చుకోండి. కణానికి చోటు చాలకపోవడం కాదు, కావలసినది కావలసినప్పుడు దొరకడమే అసలు సమస్య. మా కుక్కర్ విజిల్ కథ కూడా అదే.

కణం ఈ సమస్యను ఎలా గట్టెక్కిందో చూడండి. మొదటిది, దారం ఒక్కటిగా లేదు. మనుషుల్లో అది 46 ముక్కలు. ఒక్కొక్క ముక్క ఒక క్రోమోజోము. (మా పెట్టెల కంటే ఐదే ఎక్కువ!) అన్నిటికంటే పెద్దదైన ఒకటో క్రోమోజోములోని డీఎన్‌ఏను సాగదీస్తే ఎనిమిది సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది. బాగా చిన్నవాటిలో ఒకటైన ఇరవై ఒకటోది ఒకటిన్నర సెంటీమీటర్ల చిల్లర. కేంద్రకంలో ఇవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉండవు. ఒకే హాలులో నాలుగు కుటుంబాలు దిగినా ఎవరి మూల వారు చూసుకున్నట్టు, ఒక్కో క్రోమోజోము తనదైన చోట ఉంటుంది.

రెండోది కండెలు. నేతపనివారు నూలును కండెకు చుట్టడం మీలో కొందరు చూసే ఉంటారు. కణంలో ఆ పని చేసేవి హిస్టోన్లు అనే ప్రోటీన్లు. ఎనిమిది హిస్టోన్లు కలిసి ఒక కండె. డీఎన్‌ఏ దాని చుట్టూ ఒకటిన్నర చుట్ల కంటే కాస్త ఎక్కువ తిరుగుతుంది. ఆ చుట్టులో పట్టేది 147 అక్షర జతలు. తర్వాత కొంచెం ఖాళీ దారం, మళ్లీ ఒక కండె. ఈ చుట్టిన కండెను న్యూక్లియోసోమ్ అంటారు. మనిషి కణం ఒక్కొక్కదానిలో ఇవి దాదాపు 3 కోట్లు ఉంటాయి. డీఎన్‌ఏకు రుణావేశం, హిస్టోన్లకు ధనావేశం కనుక జిగురు, టేపు లేకుండానే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

హిస్టోన్లు ఉన్నాయని ఆల్బ్రెక్ట్ కోసెల్ 1884లోనే కనిపెట్టారు. అవి కండెల్లా పనిచేస్తాయని తెలియడానికి మాత్రం ఇంకో తొంభై ఏళ్లు పట్టింది. 1974లో రోజర్ కోర్న్‌బెర్గ్ ఆ సంగతి వివరించారు. అదే ఏడాది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో తీసిన చిత్రాలు కూడా అచ్చయ్యాయి. వాటిలో డీఎన్‌ఏ దారానికి గుచ్చిన పూసలదండలా కనిపిస్తుంది. పెట్టె బయటి నుంచి చూడడం వేరు, లోపల ఎలా సర్దారో తెలియడం వేరు కదా.

కండెలకు చుట్టడంతో పొడవు ఆరేడు వంతులు తగ్గుతుంది. అది చాలదు. పూసలదండ మళ్లీ ముడుచుకుంటుంది. ఉంగరంలాంటి ప్రోటీన్లు దాన్ని పట్టి మడతలు మడతలుగా వేస్తాయి. ఈ మడతల వల్ల దారం మీద ఎంతో దూరంలో ఉన్న రెండు చోట్లు పక్కపక్కకు వస్తాయి. మనం చీర మడిస్తే అంచూ కొంగూ ఒకదాని మీద ఒకటి వచ్చినట్టు. కనుక మడత అంటే కుదించడం మాత్రమే కాదు, దేని పక్కన ఏది ఉండాలో నిర్ణయించడం కూడా.

ఇక మూడోది మాకు అన్నిటికంటే నచ్చింది. మన కాలేయం కణంలోనూ కంటి కణంలోనూ ఉన్నది ఒకే డీఎన్‌ఏ. పుస్తకం ఒకటే. మరి కాలేయం కాలేయంలా, కన్ను కన్నులా ఎందుకుంటాయి? తెరిచి ఉంచిన పేజీలు వేరు కనుక. కాలేయానికి కావలసిన జన్యువులు ఆ కణంలో వదులుగా, చేతికందేలా ఉంటాయి. అక్కరలేనివి గట్టిగా చుట్టి చాలావరకు కేంద్రకం గోడ వారగా పెట్టి ఉంటాయి. హిస్టోన్లకు బయటికి పొడుచుకొచ్చిన తోకలు ఉంటాయి. కణం వాటికి చిన్న చిన్న రసాయన చీటీలు అంటిస్తుంది. అసిటైల్ అనే చీటీ అంటిస్తే హిస్టోన్ ధనావేశం తగ్గి పట్టు సడలుతుంది. చదివే యంత్రాంగం లోపలికి రాగలుగుతుంది. మరికొన్ని చీటీలు 'ఇది మూసి ఉంచండి' అని చెబుతాయి. మనం స్కెచ్‌పెన్నుతో 'వంటిల్లు', 'ఇప్పుడే విప్పవద్దు' అని రాయమూ? అచ్చం అలాగే.

ఈ మూసి ఉంచడం కంటితో చూడాలంటే మన క్వార్టర్స్ వెనక తిరిగే మూడు రంగుల పిల్లిని చూడండి. నారింజ మచ్చలు, నల్ల మచ్చలు, మధ్యలో తెలుపు. అలాంటి పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. నారింజ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. ఆడపిల్లికి ఎక్స్‌లు రెండు. పిల్లి ఇంకా తల్లి కడుపులో కొన్ని కణాల ముద్దగా ఉన్నప్పుడే, ఒక్కొక్క కణం తన రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని గట్టిగా చుట్టి పక్కన పెట్టేస్తుంది. ఏది మూయాలన్నది బొమ్మా బొరుసూ వేసినట్టే. నారింజ ఉన్నది తెరిచి ఉంచిన కణాల సంతానం నారింజ మచ్చ అవుతుంది, రెండోది తెరిచి ఉంచినవాటి సంతానం నల్ల మచ్చ అవుతుంది. తెలుపుకు కారణం వేరే జన్యువు. ఈ సంగతి 1961లో మేరీ లయన్ వివరించారు. మనుషుల్లోనూ ఆడవారి కణాలు ఇలాగే ఒక ఎక్స్‌ను మూసి ఉంచుతాయి.

ఆ మూసిన ఎక్స్ ఆ కణంలోనూ దాని పిల్లకణాల్లోనూ బతికినంతకాలం మూసే ఉంటుంది. కానీ తర్వాతి తరానికి అండాలను ఇచ్చే కణాల్లో మాత్రం అది మళ్లీ తెరుచుకుంటుంది. మూసి ఉంచింది, పారేయలేదు. అందుకే తెరవగలిగింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

కణానికీ బదిలీ రోజు ఉంటుంది. అదే కణవిభజన. ఒక కణం రెండు కావాలి. సామాను రెండిళ్లకూ సమంగా, ఒక్క ముక్క తెగకుండా చేరాలి. అప్పుడు కణం తన డీఎన్‌ఏను మామూలు రోజుల కంటే ఎంతో గట్టిగా సర్దుతుంది. పాఠ్యపుస్తకాల్లో మీరు చూసే ఎక్స్ ఆకారపు క్రోమోజోములు అప్పుడే కనిపిస్తాయి. క్రోమోజోము ఎప్పుడూ అలాగే ఉంటుందని మేము అనుకునేవాళ్లం. కాదట. అది లారీ ఎక్కించే రోజు తీసిన ఫొటో. ప్రయోగశాలలో పెరిగే మనిషి కణానికి ఒక చక్రం పూర్తి కావడానికి ఇంచుమించు ఒకరోజు పడితే, అందులో ఈ లారీ గంట సుమారు ఒక్కటే. మిగతా సమయమంతా డీఎన్‌ఏ విప్పుకుని ఇల్లంతా పరుచుకుని పని చేసుకుంటూ ఉంటుంది. లారీ గంటలో జన్యువులను చదవడం దాదాపుగా ఆగిపోతుంది. సామాను కట్టిన రోజు ఇంట్లో వంట ఉండదు కదా, హోటల్ నుంచి ఇడ్లీ తెచ్చుకుంటాం!

ఆ లారీ గంటలోని క్రోమోజోములను లెక్కపెట్టడంలోనే శాస్త్రవేత్తలు ముప్పై ఏళ్లకు పైగా పొరబడ్డారు. మనిషికి 48 అని పుస్తకాల్లో ఉండేది. అవి ఒకదాని మీద ఒకటి పడి ఉండడంతో ఎవరు చూసినా అంతే అనిపించేది. ఆ లెక్క సరిచేసినవాళ్లలో ఒకరు జో హిన్ ట్జియో. ఆయన కథ మీకు నచ్చుతుంది. జావాలో పుట్టారు. యుద్ధకాలంలో జపాన్ సైన్యం నిర్బంధ శిబిరంలో గడిపారు. తర్వాత యూరప్ చేరి, స్పెయిన్‌లో ఉద్యోగం చేస్తూ, సెలవుల్లో స్వీడన్‌లోని లుండ్ పట్టణానికి వెళ్లి ఆల్బర్ట్ లెవాన్ ప్రయోగశాలలో పనిచేసేవారు. కణాలను ఉప్పు తక్కువగా ఉన్న ద్రవంలో ఉంచితే అవి ఉబ్బి, లోపలి క్రోమోజోములు విడివిడిగా పరుచుకుంటాయి. అలా పరిచి, 1955 డిసెంబరులో లెక్కపెడితే 46 వచ్చాయి. 1956లో ఆ ఫలితం అచ్చయింది. ఊళ్లు మారుతూ బతికిన మనిషి, అందరూ నమ్మిన లెక్కను మళ్లీ విప్పి చూశారు. పెట్టె మీద రాసిన అంకెను నమ్మకుండా పరిచి చూడడం మంచి అలవాటు.

ఆ అలవాటు మాకు లేకపోవడం వల్ల జరిగిన నష్టం ఇప్పుడు చెప్పాలి.

మేము కాలేజీ హాస్టల్లో ఉన్నప్పుడు మా నాన్నగారు వారానికో ఉత్తరం రాసేవారు. అప్పటికే ఫోన్లు వచ్చేశాయి, అయినా ఆయన ఇన్‌లాండ్ లెటరే రాసేవారు. సిరా పెన్నుతో, గుండ్రటి అక్షరాలతో, ఊరి వానలూ, ఆవు ఈనడమూ, ఎవరి పెళ్లి కుదిరిందో అన్నీ రాసేవారు. ఆయన పోయాక ఆ ఉత్తరాలన్నీ ఒక చిన్న ట్రంకు పెట్టెలో పెట్టి, 'ముఖ్యం' అని రాసి, తాళం వేశాం. ముఖ్యం కనుక ఎవరూ కదపకుండా అన్నిటికంటే అడుగున పెట్టాం. 27వ నంబరు పెట్టె. మధ్యప్రదేశ్‌లో దాన్ని విప్పలేదు. అక్కడి నుంచి ఖరగ్‌పూర్ వెళ్లాం. అక్కడా విప్పలేదు. మంచం కింద గోడకు ఆనించి ఉంచాం. "లోపల భద్రంగానే ఉన్నాయిగా" అనుకునేవాళ్లం. అలా ఆరేళ్లు గడిచాయి.

రాజస్థాన్ చేరాక ఒక ఆదివారం మా పాప, "అమ్మా, తాతయ్య ఎలా రాసేవారు?" అని అడిగింది. పెట్టె తెరిచాం. బెంగాల్ వానాకాలపు చెమ్మ అడుగునుంచి ఎక్కింది. సిరా కరిగి, కింది వరస ఉత్తరాల్లో నీలం మరకలు తప్ప ఏమీ మిగల్లేదు. పైవరసలో ఓ పదిహేను మాత్రం చదవగలిగేలా ఉన్నాయి. మావారు ఏమీ అనలేదు, వాటిని మేడ మీద ఎండలో ఒక్కొక్కటిగా ఆరబెట్టారు. తప్పు గోడదీ కాదు, వానదీ కాదు. తప్పు మాదే. ఆరేళ్లలో ఒక్కసారి తెరిచి చూసి ఉంటే, ఫోనుతో ఫొటో తీసి ఉంటే, అవి మిగిలేవి.

ఈ సంగతి స్టాఫ్‌రూమ్‌లో చెబితే బయాలజీ మేడమ్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కణం అలా చేయదు తెలుసా?" అన్నారు. అప్పుడు ఆవిడ చెప్పినదే ఈ వ్యాసం రాయడానికి కారణం.

కణం విభజనకు సిద్ధమయ్యేముందు తన డీఎన్‌ఏ మొత్తానికి నకలు తీస్తుంది. మనిషి కణంలో ఈ పనికి సుమారు 8 గంటలు పడుతుంది. రోజూ వాడే పేజీలకే కాదు, మూసి గోడ వారగా పెట్టినవాటికీ తీస్తుంది. గట్టిగా చుట్టిన భాగాల వంతు సాధారణంగా చివర్లో వస్తుంది, కానీ వస్తుంది. ప్రతి చుట్టునూ కాసేపు సడలించి, అక్షరం అక్షరం నకలు తీసి, తప్పులు దిద్ది, మళ్లీ చుట్టేస్తుంది. పాత హిస్టోన్లను రెండు నకళ్లకూ పంచి, తక్కువైనచోట కొత్తవి చేరుస్తుంది. పాతవాటి మీది చీటీలు చూసి కొత్తవాటికీ అలాంటివే అంటిస్తుంది. పిల్లికి ఆ మూసిన ఎక్స్ ఒక్కరోజు కూడా పనికిరాకపోయినా, ప్రతి విభజనకు ముందూ దాన్ని ఒకసారి విప్పి నకలు తీయక మానదు. తర్వాతి తరంలో అది తెరుచుకోగలిగిందంటే అందుకే.

ప్రతి బదిలీకి ముందు ప్రతి పెట్టె ఒకసారి తెరవాలి. కణం నియమం అది. మేము పాటించనిదీ అదే.

ఇక ఆ అమ్మాయి విషయం. కొన్నాళ్లకు రీసెస్‌లో మా దగ్గరికి వచ్చింది. "మేడమ్, నాకు తెలుగు వచ్చు, కానీ రాదు" అంది. ఇంట్లో అమ్మానాన్నలు మాట్లాడితే అన్నీ అర్థమవుతాయట. తిరిగి చెప్పబోతే హిందీ వస్తుందట. అక్షరాలు ఆరో తరగతిలో ఒక ఏడాది నేర్చుకుంది, తర్వాతి బడిలో తెలుగు లేదు. ఊళ్లో అమ్మమ్మకు ఇప్పుడు చెవులు బాగా వినబడడం లేదు. ఫోనులో మాట్లాడితే ఆవిడ "ఆఁ, ఆఁ" అంటారు, అంతే. కానీ తెలుగు చదువుతారు. "ఒక ఉత్తరం రాయాలి మేడమ్. బోర్డు పరీక్షలయ్యాక నేను కాలేజీకి వెళ్లిపోతాను. మళ్లీ కుదరదేమో" అంది.

అప్పుడు మేము మామూలుగా మన పెద్దలు అనే మాటే అనబోయాం, "తెలుగు నీ రక్తంలో ఉందమ్మా, ఎక్కడికీ పోదు" అని. కానీ అప్పటికే ఇదంతా చదివి ఉన్నాం కనుక నోరు రాలేదు. పిల్లలూ, నిజం చెప్పుకుందాం. తెలుగు మన రక్తంలో లేదు, డీఎన్‌ఏలో అసలే లేదు. తమిళమూ లేదు, బెంగాలీ లేదు, డోగ్రీ లేదు. మాట్లాడగల శక్తి పుట్టుకతో వస్తుంది. ఏ భాష మాట్లాడతామన్నది మన చుట్టూ ఉన్నవారి నోటినుంచి వస్తుంది. కణం మన ఎత్తును, కంటి రంగును సర్దుకుని పోతుంది కానీ అమ్మమ్మ మాటను సర్దదు. ఆ పెట్టె మనమే సర్దాలి, మనమే తెరవాలి, మనమే నకలు తీయాలి. భద్రంగానే ఉందిలే అని అడుగున పెట్టి తాళం వేస్తే ఏమవుతుందో మా ట్రంకు పెట్టెను అడగండి.

కానీ ఆ అమ్మాయిది పోయిన భాష కాదు, మూసిన భాష. వారానికి మూడు రీసెస్‌లు కూర్చుంది. మొదటి రోజు 'అ' నుంచి మొదలుపెడదామంటే వద్దంది, తనకు కావలసిన మాటలే రాయించమంది. మంచిదే అనుకున్నాం, ఒకటో నంబరు పెట్టెలో ఉండాల్సినవి అవేగా. 'అమ్మమ్మ' రాసింది. తర్వాత 'బాగున్నావా'. ఒత్తులు తడబడ్డాయి. 'నువ్వు చేసే' అని రాసి, ఆ వంటకం పేరు నోటికి వచ్చీ రాక, కళ్లు మూసుకుని ఒక్క నిమిషం కూర్చుని, "ఉలవచారు!" అని గట్టిగా అరిచింది. స్టాఫ్‌రూమ్‌లో అందరూ తిరిగి చూశారు. ఆ మాట తను నాలుగో తరగతి తర్వాత ఎప్పుడూ అనలేదట.

ఉత్తరం పదకొండు పంక్తులు. అందులో ఎనిమిది తప్పులున్నాయి. రెండు మాత్రమే దిద్దాం, మిగతావి అలాగే ఉండనిచ్చాం. తెలుగు పంతులమ్మ చేయాల్సిన పని కాదనుకోండి, కానీ ఆ ఉత్తరం పరీక్ష పేపరు కాదు. మూడు వారాలకు జవాబు వచ్చింది. ఆ అమ్మాయి కవరు పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని తనే చదివింది. చదవమని మాకు ఇవ్వలేదు. మధ్యలో నవ్వి, "మేడమ్, నా చేతిరాత మా అమ్మ చేతిరాతలా ఉందట! కానీ ఇది డీఎన్‌ఏలో రాదు కదా?" అంది. చిన్నప్పుడు అమ్మ చేయి పట్టుకుని దిద్దించినదే గుర్తుండి ఉంటుంది అన్నాం. ఎవరు సర్దారో గుర్తులేకపోయినా, సర్దినవాళ్ల చేయి కనిపిస్తూనే ఉంటుంది.

ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికి మీలో కొందరికి ఆర్డర్లు వచ్చి ఉంటాయి. అట్టపెట్టెలు ఇంట్లోకి వచ్చి ఉంటాయి. మాకూ ఈ ఏడాది ఇక్కడ మూడేళ్లు నిండుతాయి. అందుకే మనందరికీ కలిపి ఒక చిన్న పని.

సామాను కట్టేముందు ప్రతి పెట్టె ఒకసారి తెరవండి. అందులో ఏముందో చూడండి. పాడయ్యేవి ఉంటే నకలు తీయండి. తర్వాత మీ ఇంటి భాషను కూడా ఒకసారి తెరవండి. ఏ భాషైనా సరే, ఈ పత్రికలో తెలుగు పక్కనే అచ్చయ్యే మిగతా భాషలన్నిటికీ ఇది వర్తిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే, మీకు అర్థమై కూడా మీరు ఎప్పుడూ వాడని పది మాటలు అడిగి రాసుకోండి. ఒక వంట పేరు, ఒక చెట్టు పేరు, ఒక తిట్టు కూడా పరవాలేదు. వాటిలో కనీసం ఒకటి కొత్త ఊళ్లో మొదటి రోజు వాడండి. వినేవాళ్లు లేకపోతే పిల్లితో అనండి.

మా పాప ఇప్పుడు తాతయ్య ఉత్తరాల్లో మిగిలిన పదిహేనింటికీ తన నోటుపుస్తకంలో నకలు తీస్తోంది, ఆదివారానికి ఒకటి. ఇప్పటికి ఏడు అయ్యాయి. ఈసారి ఆ నోటుపుస్తకం ఒకటో నంబరు పెట్టెలో, పోపులపెట్టె పక్కన ఉంటుంది.